ముక్కలు చూచిన కన్ను

పేకాట మంచిదా చెడ్డదా యను వాదము మన యిండ్లలో తాతలనాటినుండి నడచుచునే యున్నది. తాత వద్దనును, మనుమడు కాలక్షేపమే గదా యనును, సంక్రాంతి రాత్రి యిరువురును ఒకే చాపమీద కూర్చుందురు. ఆ వాదములో మేము దిగబోము. మేము విచారింపదలచిన ప్రశ్న చూచుటకు దానికంటె చిన్నది, తూచుటకు దానికంటె పెద్దది. ఇంటిలో నలుగురు కూడి ఆడుకొను ఆటకు నియమములను మార్చవచ్చునా? మార్చవచ్చునేని ఎవరు మార్చవలెను? ఎప్పుడు మార్చవలెను? ఈ మూడింటికిని సరియైన సమాధానము చెప్పుకొన్న కుటుంబమునకు ఆటయే కాక మరికొన్ని సంగతులు కూడ తెలిసినవని మా నమ్మకము.

ఉదాహరణమునకు పోకరును తీసికొందము. అమెరికాలో పుట్టిన ఈ ఆట అక్కడి గృహస్థులకు సెలవునాటి వినోదము. అక్కడ కాపురమున్న మనవారిలో కొందరికిని, ఇక్కడ మన పట్టణములలో కొందరికిని అలవాటైనది. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుదురు. నడుమ అయిదు ముక్కలను క్రమక్రమముగా తెరచి పెట్టుదురు. ఈ యేడింటిలో మేలైన అయిదింటిని కూర్చుకొన్నవానిది గెలుపు. టూర్నమెంటుగా ఆడునపుడు మొదట అందరికిని సమానముగా బిళ్లలిత్తురు. పంచువాని యెడమ ప్రక్కనున్న ఇద్దరు తమ ముక్కలను చూడకమునుపే కొంత పందెము పెట్టితీరవలెను, దానిని బ్లైండందురు. పంచు వంతు తిరుగుచుండును గనుక ఈ భారము అందరిమీదను వరుసగా పడును. గడియారమును బట్టి బ్లైండు పెరుగుచుండును. బిళ్లలన్నియు పోగొట్టుకొన్నవాడు లేచిపోవును. కడపట మిగిలినవాడు విజేత.

డబ్బు సంగతి మొదటనే తేల్చి ప్రక్కన బెట్టుదము. మన రెండు తెలుగు రాష్ట్రములలోను 1974 నాటి గేమింగు చట్టము కలదు. దానికి తెలంగాణములో 2017లోను, ఆంధ్రప్రదేశములో 2020లోను సవరణలు చేసి ఆన్‌లైను పందెములను కూడ నిషేధించిరి. డబ్బుతో ఆడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచు 2025లో పార్లమెంటు చట్టము చేసినది. రమ్మీలో నేర్పునకు ప్రాధాన్యము కలదనియు, మూడుముక్కలాట వంటిది అట్టిది కాదనియు 1968లో సుప్రీంకోర్టు భేదము చూపినది. ఈ ధర్మశాస్త్రమంతయు పందెపు సొమ్మును గూర్చినది. మేము తలచుచున్న చాపమీద సొమ్ము లేదు. బిళ్లలకు బదులు చింతగింజలున్నను సరియే. సొమ్ము లేనిచోట న్యాయమేల యని కొందరడుగుదురు. సొమ్ము లేనప్పుడే న్యాయము స్వచ్ఛముగా కనబడునని మా యభిప్రాయము. రూపాయి పోయినవాడు రూపాయికొరకు అరచుచున్నాడో అన్యాయమునకు అరచుచున్నాడో తెలిసికొనుట కష్టము. చింతగింజ పోయి కన్నీరు పెట్టుకొన్న పసివాని బాధ గింజ కొరకు కాదని అందరికిని తెలియును.

ఇక నియమములను గూర్చి రెండు మతములున్నవి. నియమమనగా శిలాశాసనము, దానిని ముట్టరాదనునది యొకటి. ఆటయే గదా, ఎట్లాడిన నేమి యనునది రెండవది. మొదటివారికి చరిత్ర సమాధానము చెప్పుచున్నది. పోకరు తొలిదశలో ఇరువది ముక్కల ఆట. నలుగురు కూర్చుండి తలకైదు పంచుకొనెడివారు. ఏబదిరెండు ముక్కలును, చేతిలోని ముక్కను వేసి మరియొకటి తీసికొను పద్ధతియు తరువాత వచ్చినవి. ఇప్పుడు విరివిగా ఆడు టెక్సాసు పద్ధతి ఇంకను తరువాతిది. దానికి రాబ్‌స్టౌను అను చిన్న పట్టణము జన్మస్థానమని టెక్సాసు శాసనసభ 2007లో గుర్తించినది. అంతదూరము పోనేల? మన అష్టాచెమ్మను చూడుడు. ఎదుటివాని కాయను ఒకదానినైన చంపనిదే లోపలి గళ్లలోనికి పోరాదని యొక యింట నియమము. పక్కయింట అట్టి నిర్బంధమే లేదు. రెండిండ్లలోను పిల్లలు సంతోషముగానే ఆడుకొనుచున్నారు. నియమము మనుష్యులు చేసినది, మనుష్యులు మార్చవచ్చును.

రెండవ మతమువారికి సమాధానము చెప్పుటకు నియమములలోనికే పోవలెను. చూచుటకు వట్టి యంకెలవలె నున్న నియమమున కూడ ఒకరి మేలు, ఒకరి కీడు దాగియుండును.

బ్లైండు పెరుగు వేగమును చూడుడు. ఎనమండుగురు తలకు 5,000 బిళ్లలతో కూర్చుండిరనుకొందము, మొత్తము 40,000. పెద్ద బ్లైండు 50తో మొదలైనది. పది నిమిషములకొకసారి దానిని రెట్టించినచో 50, 100, 200, 400, 800, 1,600 అని యేబది నిమిషములకే ఆరవ మెట్టు ఎక్కును. మొదట తన కిచ్చిన 5,000 బిళ్లలలో ఒక్కటియు పోగొట్టుకొనక ఓర్పుతో కూర్చున్నవానికిని అప్పుడు మూడు పందెములకు మాత్రమే చాలును. ఇక వాడు ఆలోచించుట కేమియు లేదు. వచ్చిన ముక్కలకు దండము పెట్టి ఉన్నదంతయు నెట్టవలసినదే. అనగా వేగము పెరిగిన కొలది నేర్పు తగ్గి అదృష్టము పెరుగును. ముప్పది నిమిషములకొకసారి రెట్టించినచో అదే మెట్టు చేరుటకు రెండున్నర గంటలు పట్టును. నేర్పరికి చోటు కలుగును. కాని మొదటి గంటలోనే ఓడిన మేనత్త అర్ధరాత్రివరకు గోడకు చేరగిలబడి ఇతరుల ఆట చూడవలసి వచ్చును. ఏది న్యాయము? వేగము కొత్తవానికి మేలు. నిదానము నేర్పరికి మేలు. ఎవరికిని మేలు చేయని యంకె లేదు. కనుక ఈ యంకెను నిర్ణయించువాడు తెలిసియో తెలియకయో న్యాయాధికారి పీఠముపై కూర్చున్నవాడే.

రెండవది మరల బిళ్లలు తీసికొనుట. సొమ్ము కట్టి ఆడు అమెరికా యిండ్లలో బిళ్లలు పోయినవాడు మరికొంత సొమ్ము చెల్లించి తిరిగి కూర్చుండుట కలదు. దానికి మితి లేనిచో సంచి బరువుగలవాడు ఎంత సాహసమైన చేయగలడు. ఒక్కసారి మాత్రమే చెల్లింపగలవాడు ప్రతి ముక్కకును వణకుచుండును. ఇద్దరికిని నియమ మొక్కటే, ఆట మాత్రము ఒక్కటి కాదు. మన చింతగింజలాటలో దీనికి మందు సులభము: మొదటి గంటలో ఎవరు ఓడినను ఒక్కమారు, ఒక్కమారే, ఉచితముగా తిరిగి ఈయవలెను. పసివాడు తొందరపడి మొదటి పంపకములోనే పోగొట్టుకొనినచో వానికి రెండవ యవకాశము దొరకును, పెద్దవానికిని అంతే.

మూడవది మా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది. ఆటగాడు లేచి బయటకు పోయినను వాని వంతు వచ్చినపుడు వాని బిళ్లలలోనుండి బ్లైండు తీసి నడుమ వేయవలెనని టూర్నమెంటు నియమము. ఇది న్యాయమైనదే, లేనిచో చేతిలో బిళ్లలు కూడినవాడు పెరటిలోనికి పోయి కూర్చుండి బ్లైండు తప్పించుకొనును. కాని మన యింటిలో ఆట నడుమ లేచిపోవువారెవరు? కాఫీ కావలెనని కేకవేయువాడు లేవడు. పాలు పొంగినవని ఇల్లాలు లేచును. పసిబిడ్డ యేడ్చినదని కోడలు లేచును. తలుపు తట్టిరని ఆడపడుచు లేచును. తిరిగి వచ్చునప్పటికి వారి గింజలు తరిగియుండును. ఎవరును దొంగిలింపలేదు, నియమమే తిన్నది. "పాపము, ఆడవాండ్రకు ఈ యాట పట్టుబడదు" అని యొకరు జాలిపడుదురు! వారికి పట్టుబడనిది ఆట కాదు, కూర్చుండుటకు తీరిక. అందరికిని ఒక్కటేయైన నియమము అందరిమీదను ఒక్క బరువుగా పడదని తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పాఠము మాకు కనబడలేదు. ఇక్కడ సవరణ కావలెను. గంటకొకసారి గడియారమును ఆపి ఆటను నిలుపవలెను. కాఫీ ఆ విరామముననే కాచవలెను. కాచువంతు కూడ పంచువంతువలె చుట్టు తిరుగవలెను. నియమము చెడలేదు, ఇల్లాలి చేతి గింజలును చెడలేదు.

నాలుగవది కొత్తవాని పొరపాటు. పోకరులో ఒక మంచి నియమము కలదు: ముక్కలు తెరచి నేలపై పెట్టిన పిమ్మట ఆటగాడు ఏమని చెప్పినాడో లెక్కకు రాదు, ముక్కలలో ఏమున్నదో అదియే లెక్క. తన చేతిలో గెలుపు ఉన్నదని తెలియక "నాకేమియు లేదు" అని తెరచి చూపిన పిల్లవానికి ఇది రక్ష. దానితో కూడ మరియొక నియమమున్నది: ఒక చేతికి ఒక ఆటగాడే, ఆట నడుచుచుండగా ప్రక్కవాడు సలహా చెప్పరాదు. మన యింట రెండవదానిని పాటించుట దుర్ఘటము. మామగారు అల్లుని ముక్కలు తొంగిచూచి కనుబొమ ఎగరవేయుట మర్యాదగానే చెల్లిపోవుచున్నది. నేర్చుకొనువారికి సహాయము కావలెనన్నచో దానిని బహిరంగముగా నియమముగా చేయవలెను: మొదటి అరగంట కొత్తవారెవరైనను ఎవరినైనను అడుగవచ్చునని చెప్పవలెను. బహిరంగమైన దయ సవరణ. చాటుమాటు దయ మోసము.

నాలుగు చోట్లను సవరణ సాధ్యమేయని, కొన్ని చోట్ల అవసరమనియు తేలినది. ఐనచో కలహమెక్కడ? కాలములో నున్నది. రాత్రి ఏడు గంటలకు, ముక్కలు పంచకమునుపు, "గడియారము ఇరువది నిమిషములకు పెట్టుదము" అని ఇంటి పెద్ద యన్నచో అది సవరణ. పది గంటలకు, తన గింజలు అడుగంటినప్పుడు, "ఇంత తొందరేల, గడియారము ఆపుడు" అని ఆయనయే యన్నచో మాట అదియే, అర్థము వేరు. మొదటిదానిలో ఆయనకు తన యదృష్టము తెలియదు, రెండవదానిలో తెలియును. నియమము మార్చు హక్కు అందరికిని కలదు. ముక్కలు చూచిన కన్నునకు మాత్రము లేదు.

మావంటి బడిపంతుళ్లకు ఈ సూత్రము వృత్తిలోనే దొరకును. ప్రశ్నకు మార్కులెన్నియో జవాబు కాగితములు విప్పకమునుపే వ్రాసిపెట్టుకొనవలెను. కాగితముమీది పేరు చదివిన తరువాత మూడవ ప్రశ్నకు అయిదు మార్కులు చాలునా యని సందేహించుట మొదలిడినచో ఆ సందేహము పాండిత్యము వలన కలిగినది కాదు. క్రికెటు లోకము కూడ ఈ మాటనే నిలిపినది. 2019 జూలై 14న లార్డ్సులో ప్రపంచకప్పు తుదిపోటీ సరిసమానమైనది. అదనపు ఓవరును సరిసమానమైనది. బౌండరీలెక్కువ కొట్టినదని ఇంగ్లండునకు విజయమిచ్చిరి. న్యూజిలాండుకు అన్యాయము జరిగినదని లోకమంతయు వాపోయినది. నియమము చెడ్డదే కావచ్చును. కాని అది ఆటకు ముందే వ్రాసియున్నది గనుక ఫలితము నిలిచినది; ఆ సంవత్సరము అక్టోబరులో నియమము మారినది. చెడ్డ నియమమును నేటి ఆటలో భరించి రేపటి ఆటకు మార్చుట న్యాయము. నేటి ఆటలోనే మార్చుట, ఆ నియమమెంత మంచిదైనను, ఒకరి జేబులో చేయి పెట్టుటయే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. అనుకొననిది జరిగినచో? కరెంటు పోయినది, ముక్క యొకటి చాప క్రిందికి పోయి రెండు పంపకముల తరువాత దొరకినది, ఒకరికి వంట్లో బాగుండలేదు. అప్పుడు నడుమనే నిర్ణయింపవలెను గదా? నిజమే. వ్యాకరణములో ఉత్సర్గమునకు అపవాదమున్నట్లు లోకములోను ఉండును. అమెరికాలో 2001లో ఏర్పడిన పోకరు టూర్నమెంటు నిర్వాహకుల సంఘము తన నియమావళిలో మొదటి నియమముగా దీనినే పెట్టినది: విపరీత సందర్భములలో న్యాయముకొరకు నిర్వాహకుడు అక్షరమును దాటి నిర్ణయింపవచ్చును. కాని అక్కడి నిర్వాహకుడు ఆ యాటలో ఆడడు. ఎవరు గెలిచినను అతనికి ఒక్కటే. మన యింటి పెద్ద నిర్వాహకుడును తానే, ఆటగాడును తానే. తన వ్యాజ్యెమునకు తానే తీర్పరి. కనుక రెండు హద్దులు కావలెను. నియమము ఏమియు చెప్పనిచోట మాత్రమే నడుమ నిర్ణయము చేయవలెను. చెప్పినచోట దానిని త్రోసివేయరాదు. ఆ నిర్ణయమును అప్పటికే ఓడి లేచినవారు చేయవలెను. అందరికంటె ముందు ఓడిన మేనత్తకు ఆ రాత్రి ఆటలో ఆశ లేదు గనుక భయమును లేదు. ఆమెయే మన నిర్వాహకురాలు.

అందరును ఒప్పుకొన్నచో నడుమ మార్చిన దోషమేమి యని మరికొందరందురు. ఇచ్చట మేము కొంచెము ఆగి చదువరులను ఆలోచింపుమని వేడుచున్నాము. మామగారు "ఏమమ్మా, గడియారము ఆపుదమా?" అని అడిగినప్పుడు కొత్తకోడలు "మీ యిష్టము మామయ్యగారూ" అనును. ఆ పలుకు సమ్మతియా? ఆమె వినయము చూపినదే కాని ఒప్పుకొనలేదు. కాదనుటకు వీలు లేనివారి అవును అను మాటకు విలువ లేదు. మన కుటుంబములలో అన్యాయములు బలాత్కారముగా జరిగినవి కొన్నియైనచో "అందరిని అడిగియే చేసితిమి" అని జరిగినవి కోకొల్లలు. కనుక సవరణమును మాటతో కాక గింజతో అడుగవలెనని మా సూచన. ఒక చెంబు నడుమ పెట్టుడు. ఒప్పుకొన్నవారు చింతగింజను, ఒప్పుకొననివారు గవ్వను పిడికిట మూసి వేయుదురు. ఒక్క గవ్వ కనబడినను పాత నియమమే నిలుచును. గవ్వ వేసినదెవరని అడుగరాదు, చూపులతోనైనను వెదకరాదు. ఈ యొక్క చెంబును మన యిండ్లలో ఆటకే కాక మరికొన్నింటికిని వాడినచో బాగుండుననిపించుచున్నది.

నియమము నడుమ మారుట ఎంత దూరము పోవునో మన భారతమే చూపినది. సభాపర్వములో ధర్మరాజు జూదమునకు కూర్చున్నపుడు పందెము దుర్యోధనునిది, పాచికలు శకునివి. ఒకరికై ఒకరు ఆడుట సరికాదని ధర్మరాజు పలికెను, పలికియు ఆడెను. ఆక్షేపణను నోట చెప్పి చేతితో విడుచుట ఆనాటి మొదటి యోటమి. తక్కినవన్నియు దాని వెనుక వచ్చినవి. తరువాత ద్రౌపది సభను అడిగినది ఏడుపు కాదు, నియమమును గూర్చిన ప్రశ్న: తన్ను తానోడినవానికి నన్ను ఒడ్డు హక్కు కలదా? పెద్దలు ధర్మము సూక్ష్మమనిరి. వికర్ణుడు తప్ప ఆ కౌరవ సోదరులలో ఆమె పక్షమున పలికినవాడు లేడు. ధృతరాష్ట్రుడు ఇచ్చివేసిన రాజ్యమును మరల ఒక్క పందెముతో లాగుకొనుటకు వారిని వెనుకకు పిలిపించిరి. ముగిసిన ఆటను ముగియలేదనుట నియమము మార్చుటలో కడపటి మెట్టు. గృహస్థు గ్రుడ్డివాడైనచో ఇంటి ఆట ఎంతవరకు పోవునో ఆ కథకు మించిన సాక్ష్యము లేదు.

చింతగింజలకింత మీమాంస యేల యని నవ్వువారు నవ్వవచ్చును. మేము చాపచుట్టు కూర్చున్న పిల్లలను చూచుచున్నాము. న్యాయస్థానమును వారింకను చూడలేదు, శాసనసభను చూడలేదు. మాట యనగా ఏమో, కట్టుబాటనగా ఏమో, బలవంతుడు ఓడిపోవునప్పుడు ఎట్లు ప్రవర్తింపవలెనో వారు మొదట చూచునది ఈ చాపమీదనే. తండ్రి ఓడిపోవుచు గడియారము ఆపించినచో కుమారుడు ఒక విద్య నేర్చును. లగ్నము పెట్టుకొని శుభలేఖలు పంచిన తరువాత "ఇంకొక లక్ష" యని కబురుపెట్టు వరుని తండ్రి ఆ విద్యలో పండితుడు. కట్నము 1961 నాటి చట్టము ప్రకారము నేరమే. కాని పెండ్లికూతురి తండ్రి ముక్కలు బయటపడినవని తెలిసికొని, అతడిక లేచిపోజాలడని చూచుకొని షరతు మార్చుటలో నేరముమీద నీచత్వము కూడ కలదు. తండ్రి ఓడిపోవుచు నవ్వి, "ఈ నియమము బాగుగ లేదు, వచ్చేవారము మార్చుకొందము, ఈ రాత్రికి ఇంతే" అని తన కడపటి గింజను నడుమకు త్రోసినచో కుమారుడు వేరొక విద్య నేర్చును. బడిలో మేము ఏడాది పొడుగునను చెప్పి నేర్పలేనిది అది.

కనుక కాగితమొకటి తీసికొని ఆటకు ముందు నియమములను వ్రాసి గోడకంటింపుడు. ఎవరి కాలు తరచుగా వంటింటికి నడచునో వారిని మొదట అడుగుడు. ఆట నడుమ పుట్టిన ప్రతి కోరికను అదే కాగితము క్రింద "వచ్చేసారికి" అని వ్రాయుడు. మరునాటి ఉదయము, గెలుపోటములు చల్లారిన పిమ్మట, ఆ కోరికలను చదివి చూడుడు. సగమునకు అడిగినవారే నవ్వుకొని కొట్టివేయుదురు. మిగిలిన సగము మంచి సవరణలై నిలుచును.